కుంటాల కొండ – శకుంతల కథ

ఆదిలాబాదు జిల్లా బోథ్ ప్రాంతంలో, నేరడిగొండకు చేరువగా, సహ్యాద్రి కొండల నడుమ కడెం నది సుమారు 45 మీటర్ల ఎత్తునుండి రాతిలోయలోకి దూకుతున్నది. అదే కుంటాల. జలపాతం చెంత వెలసిన సోమేశ్వరుని మహాశివరాత్రినాడు చుట్టుపక్కల పల్లెలవారు తరలివచ్చి కొలుస్తారు. దుష్యంతుని రాణి శకుంతల ఈ కొండకోనలో విహరించినదనీ, ఆమె పేరే కుంటాలగా మారినదనీ స్థానికుల విశ్వాసం.

కథ అందమైనదే. అయితే ఆదిపర్వం చదివినవారికి సందేహం కలుగక మానదు. మేనక తన బిడ్డను విడిచినది హిమవత్పర్వత ప్రాంతాన, మాలినీ నదీతీరంలో. శకుంతములు, అనగా పక్షులు, కాపాడినందున కణ్వమహర్షి ఆమెకు శకుంతల అని పేరుపెట్టినాడు. నన్నయ తెనిగించినా, పిల్లలమర్రి పినవీరభద్రుడు ‘శృంగార శాకుంతలము’గా విస్తరించినా ఆ ఆశ్రమం గోదావరి దిక్కుకు దిగిరాలేదు! పైగా శకుంతలలో ఉన్నది తకారం, కుంటాలలో ఉన్నది టకారం. మన పల్లెల్లో కుంట అంటే చిన్న చెరువు. జలపాతం కింద రాతి నడుమ మడుగులున్నవి. ఈ పేరుకు మూలం ఆ నీరేనని నా అభిప్రాయం.

శకుంతలను ఇక్కడినుండి వెళ్ళగొట్టవలెనని కాదు. రాముడు కాలుమోపని గుట్ట, పాండవులు తలదాచుకొనని గుహ తెలుగునాట అరుదు. పుట్టిననేలపై మమకారమే అట్టి కథలు అల్లిస్తుంది. నాకు బాధ కలిగించేది వేరొకటి. పురాణకథ ఒక్కటే పైకి వినిపించి, ఈ అడవులను నమ్ముకొని బ్రతికిన గోండుల, కొలాముల జ్ఞాపకాలు అడుగున పడిపోతున్నవి. గోండుల వంశగాథలను ప్రధానులు కిక్రి వాయిస్తూ పాడుతారు. ఆ గాథలు తాళపత్రాలకు ఎక్కినవి కావు, గాయకుల కంఠాలలో నిలిచినవి. ఒక కంఠం మూగవోతే కొంత సాహిత్యం పోయినట్లే. ఎక్కడో ఆస్ట్రియాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ 1940లలో ఈ గూడేలలో నివసించి, గోండుల గాథలను, ఆచారాలను సేకరించి, 1948లో ఆదిలాబాదు రాజగోండులపై గ్రంథం ప్రకటించినాడు. మన తెలుగు శాఖలలో ఆ శ్రద్ధ కనబరచినవారు తక్కువ.

బోథ్, ఇచ్చోడ ప్రాంతాల తరగతి గదులలో గోండు పిల్లలున్నారు. ఈ కొండను, నదిని, మడుగులను గోండిలో ఏమని పిలుస్తారో తాతలను అడిగి వ్రాసుకొని రమ్మంటే, శకుంతలోపాఖ్యానం పక్కన ఉంచి చదువదగిన పాఠం ఒకటి వారి చేతనే తయారవుతుంది.