కొనబోతే కొరివి

అమెరికాలో చౌక పిస్తోలు కొనదలచినవారికి తరచుగా లభించే హితవు ఒకటున్నది: "ఏదైనా కొను, కాని కొన్న వెంటనే రెండు వందల తూటాలు కాల్చి చూడు, ఎక్కడా ఇరుక్కోకపోతే ఇక దానిని నమ్ముకోవచ్చు." దుకాణంలో అమ్మేవాడూ ఈ మాటే అంటాడు, ఏళ్ల తరబడి తుపాకులు వాడుతున్నవాడూ ఈ మాటే అంటాడు. రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్లలోనూ, చిన్న దుకాణాలలోనూ గల్లాపెట్టె దగ్గర నిలబడే మన తెలుగువారి చెవిన కూడా ఈ మాట పడుతూనే ఉంటుంది. వినడానికి ఎంతో సబబుగా ఉన్నది. నా దృష్టిలో మాత్రం ఇది హితవు ముసుగు వేసుకున్న పలాయనం. తయారీదారు చేయవలసిన పనిని, ప్రభుత్వం చేయించవలసిన పనిని, అందరికన్నా తక్కువ డబ్బున్న కొనుగోలుదారు నెత్తిన రుద్ది చేతులు దులుపుకోవడం.

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్నారు పెద్దలు. బేరసారాలను గురించి పుట్టిన ఆ సామెత ఈ వస్తువు విషయంలో అక్షరాలా నిజమై కూర్చున్నది.

కొనేవాడు కనిపెట్టగలిగినవి కొన్ని ఉన్నాయి, కాదనను. ఖాళీ పిస్తోలును చేతిలోకి తీసుకుని స్లైడును వెనక్కి లాగి చూడవచ్చు. అది గరుకుగా కదులుతున్నదో లేదో తెలుస్తుంది. సేఫ్టీ వేసినప్పుడు ట్రిగ్గరు నిజంగా పనిచేయకుండా ఉన్నదా అని చూడవచ్చు. పాత సరుకైతే ఫ్రేము మీద, స్లైడు మీద పగుళ్లు వెతకవచ్చు. మ్యాగజైను పై అంచులు వంగి ఉన్నాయేమో గమనించవచ్చు. తూటా ఇరుక్కునే రోగంలో చాలా భాగం అక్కడే మొదలవుతుంది. ఈపాటి జాగ్రత్త ఎవరైనా పడవలసిందే.

కాని కంటికి కనబడనివి ఇంతకన్నా ముఖ్యమైనవి. పోతపోసిన లోహంలో లోపల బుడగలున్నాయా? లోపలి కొక్కేలకు తగిన గట్టిదనం ఇచ్చారా, లేక నాలుగు నెలలకే అరిగిపోతాయా? తూటా నింపిన పిస్తోలు చేయి జారి సిమెంటు నేలమీద పడితే దానంతట అది పేలుతుందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి బుద్ధి ఉన్నవాడెవడూ నిండు పిస్తోలును ఇంట్లో నేలకేసి కొట్టి చూడడు కదా!

ఇక ఆ రెండు వందల తూటాల సంగతి. ఒక్కటీ ఇరుక్కోకుండా అన్నీ పేలాయనుకుందాం. గణాంకశాస్త్రం ప్రకారం, నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకంతో మనం చెప్పగలిగినది ఇంత మాత్రమే: మొరాయింపు సుమారు 67 తూటాలకు ఒకటి కంటే ఎక్కువగా ఉండదు. అంటే పది తూటాలు పట్టే మ్యాగజైన్లు ఏడు ఖాళీ చేసే లోపల ఒకసారి మొరాయించే పిస్తోలు కూడా ఈ పరీక్షలో అప్పుడప్పుడు నెగ్గిపోగలదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆధారపడే వస్తువుకు ఇదేనా భరోసా?

పైగా దీనికయ్యే ఖర్చు ఎవరిది? సాధారణ 9 ఎంఎం తూటా ఒక్కొక్కటి సుమారు పావు డాలరు. ఆత్మరక్షణకు వాడే బోలు మొన తూటాలైతే డాలరు దరిదాపుల్లో ఉంటాయి. ఒక రకాన్ని మింగే పిస్తోలు మరొక రకాన్ని మింగాలని లేదు గనుక, వాడదలచిన తూటాలతోనే పరీక్షించాలని ఆ హితవరులే అంటారు. అంటే రెండు వందల డాలర్ల పిస్తోలును నమ్మడానికి మరో రెండు వందల డాలర్లు కాల్చాలి. అంత డబ్బే ఉంటే అతడు చౌక పిస్తోలు జోలికి ఎందుకు పోతాడు?

ఇప్పుడు కొనేవాడి పరీక్షకు బొత్తిగా అందని లోపం ఒకదానిని చూద్దాం. 1994లో ఉత్తర కాలిఫోర్నియాలో ఒక ఇంట్లో, బ్రైకో అనే చౌకరకం కంపెనీ చేసిన .380 పిస్తోలు నుంచి ఒక యువకుడు తూటాను తీసివేయబోయాడు. ఆ నమూనాలో స్లైడు వెనక్కి రావాలంటే ముందు సేఫ్టీ తీయాలి. అనగా పిస్తోలును ఖాళీ చేయాలంటే మొదట దానిని పేలడానికి సిద్ధం చేయాలి. అది పేలింది. ఎదురుగా ఉన్న ఏడేళ్ల బాలుడికి మెడ కింది శరీరం చచ్చుబడిపోయింది. 2003లో జ్యూరీ నష్టాన్ని సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్లుగా లెక్కగట్టి, ఆ నిర్మాణలోపానికి తయారీదారు కూడా బాధ్యుడే అని తేల్చింది. కంపెనీ దివాలా ప్రకటించింది. 2004లో దాని సామగ్రిని వేలంలో కొన్నవాడు ఆ కంపెనీలోనే ఫోర్‌మన్‌గా చేసినవాడు. కొత్త పేరుతో తయారీ సాగించాడు.

ఆ పిస్తోలుతో రెండు వందలు కాదు, రెండు వేల తూటాలు కాల్చినా ఆ లోపం "ఇరుక్కోవడం"గా బయటపడేది కాదు. పైగా దెబ్బతిన్నవాడు కొన్నవాడు కాడు. "కొనేవాడే చూసుకోవాలి" అనే సూత్రం ఇక్కడే కుప్పకూలుతున్నది. బూటు కరిస్తే కొన్నవాడి కాలే పుండవుతుంది. పిస్తోలు తప్పు చేస్తే పక్కింటివాడు, పసిపిల్ల, దారినపోయేవాడు బలి కావచ్చు. వాళ్లెవరూ బేరంలో లేరు.

చట్టం ఏం చేస్తున్నదని అడుగుతారేమో. 1968 తుపాకుల నియంత్రణ చట్టం తరువాత దిగుమతి అయ్యే పిస్తోళ్లకు పొడవు, బరువు, సేఫ్టీ మొదలైన వాటిని బట్టి మార్కులు వేసే పద్ధతి వచ్చింది. రివాల్వర్లకు పడవేసి చూసే పరీక్ష కూడా పెట్టారు. కాని అవన్నీ విదేశీ సరుకుకే! స్వదేశంలో పోతపోసినవాటికి ఆ గొడవే లేదు. ఫలితం ఊహించవచ్చు. దిగుమతులు ఆగిన చోట లాస్ ఏంజెలస్ చుట్టుపక్కల రేవెన్, జెన్నింగ్స్, లోర్సిన్, డేవిస్ వంటి కంపెనీలు జింకు మిశ్రమంతో పోతపోసిన చిన్న పిస్తోళ్లను కుప్పలు తెప్పలుగా దింపాయి.

1972లో వినియోగ వస్తువుల భద్రతకు ఒక కమిషన్‌ను ఏర్పరిచారు. టోస్టరు, పసిపిల్లల తొట్టి, నిచ్చెన అన్నీ దాని పరిధిలోనివే. తుపాకులనూ తూటాలనూ మాత్రం మినహాయించారు. 1976లో ఆ మినహాయింపును మరింత గట్టిపరిచారు. వింత ఏమిటంటే పిల్లలు ఆడుకునే గాలి తుపాకి ఈ కమిషన్ పరిధిలోకి వస్తుంది. 2001లో ఒక ప్రసిద్ధ గాలి తుపాకి కంపెనీపై ఆ కమిషనే ఫిర్యాదు దాఖలు చేసింది. గోళీ పేల్చే బొమ్మకు యజమాని ఉన్నాడు, తూటా పేల్చే పిస్తోలుకు లేడు.

ఇంతవరకు చదివి "అయితే చౌక పిస్తోళ్లను నిషేధిస్తే సరి" అనేవారుంటారు. వారితోనూ నాకు పేచీ ఉన్నది. ఇల్లినాయ్ వంటి కొన్ని రాష్ట్రాలు లోహం కరిగే ఉష్ణోగ్రతను కొలబద్దగా పెట్టుకున్నాయి: 800 డిగ్రీల ఫారన్‌హీట్‌కు లోపల కరిగిపోయే జింకు పోతతో చేసినది దుకాణంలో అమ్మరాదు. కరిగే ఉష్ణోగ్రతకూ జారిపడితే పేలడానికీ ఏమిటి సంబంధం? ఒహాయో రాష్ట్రంలో తయారయ్యే హై పాయింట్ పిస్తోలు స్లైడు కూడా జింకు మిశ్రమమే. బలమైన తాళపు ఏర్పాటు లేదు గనుక, పేలుడు ఒత్తిడిని కేవలం బరువుతో ఆపడానికి స్లైడును లావుగా పోశారు. చూడడానికి ఇటుకరాయిలా ఉంటుంది. అయినా ఆ కంపెనీ, ఎన్ని చేతులు మారినా సరే, జీవితకాలపు మరమ్మతు హామీ ఇస్తుంది. దాని రూపాన్ని చూసి నవ్వేవాళ్లు కూడా చాలామంది దాని పనితనాన్ని ఒప్పుకుంటారు.

మరోవంక, ఖరీదైన సరుకు చరిత్ర చూడండి. 2017 జనవరిలో అమెరికా సైన్యం ఎంపిక చేసుకున్నది సిగ్ సావర్ వారి పీ320 నమూనా. అదే ఏడాది ఆగస్టులో, మార్కెట్లో ఉన్న పీ320 ఒక కోణంలో నేలను తాకితే పేలుతున్నదని బయటివారు చేసిన పరీక్షల్లో తేలగా, కంపెనీ "స్వచ్ఛంద మెరుగుదల" పేరిట భాగాలు మార్చి ఇవ్వవలసి వచ్చింది. చౌక పిస్తోలుకు రెండు మూడింతల ధర పెట్టినవారి గతి అది. మధ్యరకం సంగతి కావాలంటే బ్రెజిల్ వారి టారస్ ఉన్నది. పరుగులో జారిపడి తన పిస్తోలు పేలిందని 2013లో ఒక డిప్యూటీ షెరీఫ్ దావా వేయగా, తొమ్మిది నమూనాలకు చెందిన దాదాపు పది లక్షల పిస్తోళ్ల విషయంలో 2015లో రాజీ కుదిరింది. కంపెనీ లోపాన్ని అంగీకరించలేదు. వెనక్కి రప్పించమని శాసించగల ఫెడరల్ సంస్థ లేదు గనుక, ఒక ఉద్యోగి కోర్టుకెక్కితే తప్ప ఆ మాత్రమూ జరగలేదు.

కాబట్టి ధర నాణ్యతకు సాక్ష్యం కాదు. చౌకదనం నేరమూ కాదు. పరీక్షించకుండా అమ్మడం నేరం. చౌక అన్న కారణంతో నిషేధిస్తే ధనవంతుడి ఆత్మరక్షణను హక్కుగానూ, పేదవాడిదాన్ని అపాయంగానూ లెక్కగట్టినట్టే.

చేయదగిన పరీక్ష ఏమిటో కాలిఫోర్నియా చూపించింది. 1999లో చేసిన చట్టం 2001 జనవరి 1 నుంచి అమలైంది. ఒక నమూనాకు చెందిన మూడు పిస్తోళ్లను ఒక్కొక్కటి 600 తూటాలు కాల్చాలి. మొదటి 20లో ఒక్కసారీ మొరాయించరాదు. మొత్తంలో ఆరు సార్లకు మించరాదు. మీటరు పైచిలుకు ఎత్తు నుంచి సిమెంటు దిమ్మ మీదకు ఆరు భంగిమలలో పడవేసినప్పుడు పేలరాదు. మూడు పిస్తోళ్లకూ కలిపి 1,800 తూటాలు. తూటా ముప్పయి సెంట్లనుకున్నా 540 డాలర్లు. పదివేల పిస్తోళ్లు అమ్ముకునే కంపెనీకి ఒక్కొక్క దానిపై అయిదారు సెంట్లు పడుతుంది. ప్రయోగశాల రుసుము కలుపుకున్నా కొనేవాడు ఒక్కడే పెట్టుకోవలసిన రెండు వందల డాలర్లతో దీనికి పోలికా?

ఆ రాష్ట్రం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ప్రతి తూటా గుల్లపైనా సూక్ష్మాక్షరాలు ముద్రించాలన్న నిబంధనను 2007లో చట్టం చేసి, 2013 నుంచి వర్తింపజేసింది. కొత్త నమూనాలు రావడం నిలిచిపోయింది. 2023లో ఫెడరల్ న్యాయమూర్తి దానిని నిలిపివేశారు. పరీక్ష పేరుతో దొడ్డిదారి నిషేధం చేస్తారని తుపాకి పక్షంవారు అనుమానించడానికి ఇటువంటివే ఊతం. అయితే దానికి మందు పరీక్షను పని తీరుకే పరిమితం చేయడం. పరీక్షనే వద్దనడం కాదు.

చివరగా అహింసావాదులైన మిత్రుల మాట. "ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి? తుపాకి బాగా పేలాలని కోరడమేమిటి?" అంటారు. తుపాకులు లేని లోకాన్ని నేనూ కోరుకుంటాను. కాని ఉన్న లోకంలో లోపభూయిష్టమైన పిస్తోలు మంచివాళ్ల పక్షాన మొరాయించదు. వద్దన్నప్పుడు పేలడమే దాని అసలు లోపం. ఆ బాలుడి శరీరం చచ్చుబడింది పిస్తోలు పేలకపోవడం వల్ల కాదు కదా.

ఇది కొత్త ఆలోచనా కాదు. లండన్ తుపాకి పనివారి సంఘానికి 1637లోనే అధికారపత్రం లభించింది. బర్మింగ్‌హామ్‌లో 1813 చట్టంతో పరీక్షాగృహం ఏర్పడింది. గొట్టాన్ని పరీక్షించి ముద్ర వేయనిదే తుపాకి అమ్మకూడదన్నది బ్రిటన్‌లో పాత నియమం. మన దేశంలో 2021 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని ప్రెషర్ కుక్కరును అమ్మడం నేరం. పప్పు ఉడికించే పాత్రకు ఉన్న పూచీ పిస్తోలుకు ఎందుకు ఉండరాదు?

రెండు వందల తూటాలు కాల్చి చూడమనేవారు ఇకమీదట ఆ మాటను కొనేవాడితో కాక, అమ్మేవాడితోనూ శాసనసభ్యుడితోనూ అనాలని నా విన్నపం.