వైద్యశాలలో వరుస

హైదరాబాదు తూర్పు శివారున, ఉప్పలు దాటిన పిదప పీర్జాదిగూడ యున్నది. అచటి కూలివాడు జ్వరముతో వైద్యునికడ పూటంతయు వేచినచో ఆనాటి కూలి పోవును. మరుసారి వైద్యమే మానుకొనును. ఇట్టివారికి చేరువలోనే ఉచిత వైద్య మందింప 2018లో హైదరాబాదున బస్తీ దవాఖానాలు వెలసినవి. అయినను ఒక్కొక్కచోట వైద్యుడొక్కడే, రోగులు పలువురు.

ముందు వచ్చినవారికి ముందు వైద్యమనుట న్యాయముగనే తోచును. కాని, రొప్పుచున్న పసివాడు వరుస చివర నుండుట న్యాయమగునా? నెపోలియను సేనలోని వైద్యుడు లారే, హోదాను గణింపక, గాయముల తీవ్రతనుబట్టి చికిత్స చేసెను. అటులనే నర్సు మొదట అందరిని పరిశీలించి, అపాయస్థితిలో నున్నవారిని ముందు పంపవలెను. తక్కినవారికి వేళ తెలుపవలెను. అట్టివారికి వంతు విడుచుట తోటిరోగుల ధర్మము. అందరి నిరీక్షణమును తగ్గించుట వైద్యశాల ధర్మము.