సీదెలో నిలిచిన స్తంభాలు, నిలవని మాట

విహారయాత్రను విహారయాత్ర అని పిలవడానికి మన సంఘాలు ఎందుకింత మొగమాటపడుతున్నాయో మాకు బోధపడదు. వేసవి సెలవులలో లండన్ నుంచో మాంచెస్టర్ నుంచో నాలుగు గంటలు ఎగిరి, తిండీ పానమూ కలిపి ముందే సొమ్ము కట్టించుకొనే హోటలులో దిగి, ముంజేతికి రంగుపట్టీ తగిలించుకొని, అయిదు రోజులు ఈతకొలనులో మునిగి తేలడంలో తప్పేమీ లేదు. ఏడాది పొడుగునా వానలోనూ మబ్బులోనూ బ్రతికేవారికి ఎండ అవసరమే. కాని ఆ అయిదు రోజులలో ఒక సాయంత్రం గంటన్నర సేపు పాత రాళ్ల నడుమ తిరిగినంత మాత్రాన దానికి ‘ప్రాచీన వారసత్వ యాత్ర’ అని కరపత్రం వేయించడం, తిరిగి వచ్చాక ఆలయ సభామందిరంలో ఫోటోల ప్రదర్శన పెట్టి, ‘వాళ్లు ఎలా నిలబెట్టుకొన్నారో చూడండి, మనమూ అలా కట్టుకోవాలి’ అంటూ విరాళాల పుస్తకం తిప్పడం, ఈ రెండింటిపైనా మాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ బృందంలో మేమూ ఉన్నాము. మేము చూసిన ఊరు విరాళాల పుస్తకానికి సాక్ష్యం చెప్పే ఊరు కాదు.

ఊరి పేరు సీదె. తుర్కియే దక్షిణ తీరంలో, అంతాల్యా నగరానికి తూర్పుగా సుమారు 75 కిలోమీటర్ల దూరాన, సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన చిన్న నేలనాలుక. పూర్వం పాంఫీలియా అనే సీమకు ఇది పెద్ద రేవు. ఆనుకోవడానికి కొండవాలు లేని చదునైన నేల కాబట్టి రోమను కాలంలో ఇక్కడి రంగస్థలాన్ని కమానుల వరుసల మీద ఎత్తి కట్టారు. సుమారు 15,000 మంది పట్టేవారట. దాని పక్కనే వర్తకుల అంగడి చౌకం. ఎదుట ఒక పాత స్నానశాల. ఆ స్నానశాల గదులనే 1960ల తొలినాళ్లలో ప్రదర్శనశాలగా మార్చారు. వేడినీటి తొట్లున్న చోట ఇప్పుడు తలలు లేని దేవతలు నిలబడి ఉన్నారు. రంగస్థలం పక్కనున్న కమాను ద్వారం దాటితే రేవుదాకా బజారు. తోలు కోట్లు, నకిలీ చేతిగడియారాలు, సాగదీసి ఆటపట్టించి ఇచ్చే ఐస్‌క్రీము, అప్పటికప్పుడు పిండి ఇచ్చే దానిమ్మరసం. ‘సీదె’ అంటే ఆ సీమ పాత భాషలో దానిమ్మ అని అర్థం. ఈ ఊరి ప్రాచీన నాణేల మీద దానిమ్మపండే ముద్ర. రసం అమ్మే కుర్రవాడు తెలిసో తెలియకో ఊరి పేరునే గ్లాసులో పోసి ఇస్తున్నాడు.

బజారు చివర, నీటి అంచున అథీనా ఆలయం, అపోలో ఆలయం. అపోలో ఆలయపు ఒక మూల మాత్రం అయిదు పాలరాతి స్తంభాలతో, వాటిపైన దూలంతో, మెడూసా ముఖాల చెక్కడంతో నిలిచి ఉంది. సూర్యాస్తమయ వేళ అక్కడ నిలబడి ఫోటో తీయించుకోవడానికి వరుస కట్టాలి. మన వాళ్లు పట్టుచీరలు వెంట తెచ్చుకొన్నది ఇందుకే అని అప్పుడు అర్థమైంది.

ఆ అయిదు స్తంభాలు కట్టిననాటి నుంచీ అలా నిలబడి ఉన్నవి కావు. ఆలయం ఏనాడో కూలింది. క్రైస్తవ కాలంలో దాని వెనుకనే పెద్ద చర్చి కట్టి, ఆలయాలు రెండింటినీ ఆ చర్చి ముంగిలిలో కలుపుకొన్నారు. దండయాత్రలతో, భూకంపాలతో ఊరే పాడుపడి, 12వ శతాబ్దం నాటికి జనం అంతాల్యాకు తరలిపోయారు. ఆరిఫ్ ముఫీద్ మన్సెల్ 1947లో ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన, తుర్కియే దేశపు తొలి మహిళా పురాతత్త్వవేత్త జాలె ఇనాన్, 1980లలో నేలమీద చెల్లాచెదురుగా పడివున్న ముక్కలను ఏరించి, కూర్పించి, ఆ మూలను లేపారు. అంటే మన వాళ్లు వేనోళ్ల పొగిడిన ‘రెండు వేల ఏళ్ల నిలకడ’ వయస్సు మన సంఘంలోని చాలామంది పెద్దల వయస్సు కంటె తక్కువ. ఇది జాలె ఇనాన్ గారిని తక్కువ చేయడానికి అనడం లేదు. ఆమె చేసిన పని గొప్పది. పడిపోయిన రాయిని మళ్లీ నిలబెట్టవచ్చునని ఆమె ఋజువు చేశారు. మేము అడిగేదల్లా, పడిపోయినదేదైనా అలాగే మళ్లీ నిలబడుతుందా అని.

అంగడి చౌకం దగ్గర మార్గదర్శి బానిసల సంత గురించి నవ్వుతూ చెప్పాడు. మన వాళ్లూ నవ్వారు. సముద్రపు దొంగలు పట్టి తెచ్చినవారిని ఈ ఊరిలో వేలం వేసేవారని, వారు స్వతంత్రులైన మనుషులే అని ఒప్పుకొంటూనే అమ్మేవారని గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో వ్రాశాడు. గిరిమిట్ కాగితం మీద వేలిముద్ర వేసి నేటాలుకు, మారిషస్‌కు ఓడలెక్కిన తెలుగువారి సంతతి ఇంకా ఉన్న లోకంలో, ఆ చోట ఒక్క నిమిషం నవ్వకుండా నిలబడి ఉండవలసింది. ఇది పక్క మాట. అసలు మాట మరొకటి ఉంది.

బృందంలోని ఒక పదేళ్ల పాప మార్గదర్శిని అడిగింది, ‘ఇక్కడి వాళ్లు ఏ భాష మాట్లాడేవారు?’ అని. ఆ యాత్ర మొత్తంలో వారసత్వానికి సంబంధించిన ప్రశ్న అదొక్కటే. మార్గదర్శి ‘గ్రీకు, తరువాత లాటిన్’ అని చెప్పి ముందుకు నడిచాడు. జవాబు సరిపోలేదు. అలెగ్జాండరు దండయాత్రల చరిత్ర వ్రాసిన అరియన్ ఈ ఊరి గురించి ఒక వింత కథ చెబుతాడు. ఈజియన్ తీరంలోని కైమే నుంచి వలస వచ్చిన గ్రీకులు ఇక్కడ ఓడ దిగిన వెంటనే తమ మాతృభాషను మరచిపోయారట. ఇరుగుపొరుగు జనానికి కూడా అర్థంకాని ఏదో కొత్త భాష మాట్లాడసాగారట. క్రీ.పూ. 333 ప్రాంతంలో అలెగ్జాండరు వచ్చేనాటికీ ఆ భాషే ఉన్నదట.

ఓడ దిగగానే భాష మరచిపోవడం కట్టుకథే. ఆ భాష వలస వచ్చినవారికి హఠాత్తుగా పుట్టుకొచ్చినది కాదు, అనతోలియా నేలలో అంతకుముందు నుంచీ ఉన్నదే అని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. దానికి సొంత లిపి ఉండేది, కుడి నుంచి ఎడమకు వ్రాసేవారు. నాణేల మీద ఆ అక్షరాలు పోతపోసుకొన్నారు. తరువాత కొద్ది తరాలలో గ్రీకు దానిని మింగివేసింది. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ నాలుక కోయలేదు. వర్తకానికి గ్రీకు కావాలి, కొలువుకు గ్రీకు కావాలి, పిల్లలు గ్రీకులోనే పైకి వస్తారు. ఇల్లిల్లూ ఇలా అనుకొంటే చాలు, భాషను చంపడానికి వేరే శత్రువు అక్కరలేదు. నేడు ఆ భాషకు మిగిలినవి కొన్ని నాణేలు, వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని శాసనాలు. పక్కనే గ్రీకు కూడా చెక్కిన రాళ్లు ఒకటి రెండు దొరికాయి కాబట్టి ఆ మాత్రమైనా చదవగలుగుతున్నారు. స్తంభాన్ని లేపిన యంత్రం ఆ భాషలో ఒక్క జోలపాటను లేపలేదు.

ఈ ఊరిలో ఈ సంగతి రెండవసారి కూడా జరిగింది. వందల ఏళ్లు పాడుపడి ఉన్న ఈ శిథిలాల మధ్యకు 19వ శతాబ్దపు చివరలో క్రీట్ ద్వీపం నుంచి ముస్లిం కుటుంబాలు శరణార్థులై వచ్చి, సెలీమియె అనే పల్లె కట్టుకొన్నాయి. నేటి బజారుకు మూలం ఆ పల్లెయే. క్రీట్ ముస్లింలలో అత్యధికుల ఇంటిభాష గ్రీకు. అపోలో స్తంభాలు నేలమీద పడివున్న చోటికి గ్రీకు మాట మళ్లీ నడిచి వచ్చిందన్నమాట, అదీ మసీదుకు వెళ్లేవారి నోట. మనవల తరానికి అదీ చల్లబడింది. మతం నిలిచింది, వంట నిలిచింది, మాట నిలవలేదు. మన పండుగ భోజనాల వరుసలో పులిహోర విస్తరి పట్టుకొని ‘కెన్ ఐ హావ్ మోర్’ అంటున్న పిల్లవాణ్ణి చూసినప్పుడు సెలీమియె గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు మన ఆలయాల సంగతికి వద్దాము. శిల్పులను స్వదేశం నుంచి రప్పిస్తున్నాము. రాయిని ఓడలో తెప్పిస్తున్నాము. గోపురానికి ఎన్ని అంతస్తులన్న దాని మీద రాత్రి పదకొండు దాకా చర్చిస్తున్నాము. తప్పు లేదు, భక్తుడికి గోపురం ఆనందం. కాని ఒక ఆలయంలో, పేరు అనవసరం, తెలుగు తరగతి చెప్పుల అరల పక్కనున్న నడవలో జరుగుతోంది. పెండ్లికి మందిరం అద్దెకు ఇస్తే ఆ వారం తరగతి రద్దు. ఉపాధ్యాయురాలు పుస్తకాల ఖర్చు తన చేతి నుంచి పెట్టుకొంటున్నది. కార్యవర్గ సమావేశాలు ఇంగ్లీషులో, ప్రకటనలు ఇంగ్లీషులో. తెలుగు వినిపించేది ప్రార్థన పాటలోనూ వంటశాలలోనూ మాత్రమే.

‘గుడి ఉంటేనే కదా పిల్లలు వచ్చేది, ముందు గుడి, తరువాత బడి’ అని పెద్దలు అంటారు. ఈ మాటలో సగం నిజం ఉంది కనుక దీనిని త్రోసిపుచ్చము. గుడి జనాన్ని కూర్చుతుంది. కాని కూర్చిన జనం ఏ భాషలో పలకరించుకొంటారన్నది గుడి నిర్ణయించదు. సీదెలో ఒకటికి రెండు ఆలయాలు ఉన్నాయి, సముద్రంలో దూరం నుంచి వచ్చే ఓడకు కనబడేటంత ఠీవితో. వాటిని కట్టేనాటికే ఊరి సొంత భాష పోయింది. ‘పిల్లలకు ఇక్కడ తెలుగు దేనికి పనికివస్తుంది’ అని మరికొందరు అంటారు. ఈ దేశపు జి.సి.ఎస్.ఇ. పరీక్షలలో గుజరాతీ ఉంది, పంజాబీ ఉంది, బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. పనికిరాదు కనుక అడగడం లేదు, అడగడం లేదు కనుక పనికిరాకుండా ఉంది. మారిషస్ తెలుగువారి ఇళ్లలో క్రియోల్ వినబడుతుంది. అయినా అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు ఒక పాఠ్యవిషయంగా నేటికీ నిలిచి ఉంది. దానిని అక్కడ నిలిపింది గోపురం కాదు, పాఠశాల కాలపట్టికలో చోటు అడిగి సాధించిన సంఘం.

వారసత్వం కళ్లారా చూడాలంటే అంతాల్యాదాకా ఎగరనక్కరలేదు. 1859లో లండనుకు చేరిన అమరావతి స్తూప శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ప్రవేశం ఉచితం. ‘నాగబు’ అనే తొలి తెలుగు మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించింది అమరావతి రాళ్ల మీదనే. ఆ స్తూపపు రాళ్లను ఒకప్పుడు మనవారే ఇళ్లు కట్టడానికీ సున్నం కాల్చడానికీ వాడుకొన్నారు. పోయిన రాళ్లు పోగా మిగిలినవి లండన్, చెన్నై, అమరావతి పంచుకొన్నాయి. రాళ్లకు అంత జరిగినా మాట నిలిచింది. పలికే నోళ్లు మిగిలాయి కనుక నిలిచింది. సీదెలో జరిగినది దీనికి సరిగ్గా తలక్రిందులు.

కనుక రాబోయే సర్వసభ్య సమావేశంలో మేము మూడు విషయాలు అడగబోతున్నాము. గోపురం రెండవ దశకు సేకరించే ప్రతి విరాళంలో ఒక నిర్ణీత భాగాన్ని తెలుగు బడికి కేటాయించాలి. తలుపు ఉన్న ఒక గదిని, పెండ్లిళ్లతో పనిలేకుండా, ప్రతి ఆదివారం ఉదయం బడికే ఉంచాలి. ఆ సమావేశాన్నే తెలుగులో నడపాలి. తెలుగు రాని సభ్యులకు పక్కన కూర్చొని అర్థం చెప్పే పని మేమే చేస్తాము. వచ్చే వేసవి యాత్రకు ఏ తీరానికైనా వెళ్లండి, మేమూ వస్తాము, ఈత కూడా కొడతాము. కరపత్రంలో మాత్రం ‘విహారయాత్ర’ అనే వేయించండి. ఆ పదేళ్ల పాప పోయిన ఆదివారం తరగతికి వచ్చి గుణింతం మొదలుపెట్టింది. ‘కౌ’ దాకా వచ్చేసరికి మందిరంలో అలంకరణవారు వచ్చారని నడవ ఖాళీ చేయమన్నారు.