కొండ బొమ్మకి శాటిన్ ఎందుకు?

ప్రదర్శనకి మన బడి తరఫున గోడకి వేలాడదీసే గుడ్డ బొమ్మ ఒకటి కుట్టాలని మేడమ్ గారు చెప్పిన సంగతి అందరికీ తెలుసు. బొమ్మ ఏమిటన్నదానిలో గొడవ లేదు. అరకు లోయ. వెనకాల గాలికొండ, ముందు వలిసె చేలు. గొడవంతా గుడ్డ దగ్గరే వచ్చింది. తలా ఇరవై రూపాయలు వేసుకుని సంతలో మెరుపు శాటిన్ కొందాం, మిషను మీద కుట్టిద్దాం అని పదో తరగతి అక్కలు అంటున్నారు. నేను వద్దంటున్నాను. నోటితో చెబుతుంటే ఎవరూ పూర్తిగా చెప్పనివ్వలేదు, అందుకని గోడ మీద రాస్తున్నాను.

ఒక్కసారి పొద్దున్నే పంపు దగ్గర నిలబడి కొండల్ని చూడండి. దగ్గరి గట్టు ముదురాకుపచ్చ. దాని వెనకది బూడిద కలిసిన ఆకుపచ్చ. ఆ వెనకది నీలం. అన్నిటికన్నా వెనకది ఉందో లేదో అన్నట్టుంటుంది. అక్కడ చెట్లూ పచ్చనివే, కానీ మధ్యనున్న గాలీ మంచూ వెలుతురుని చెదరగొట్టి రంగుని తినేస్తాయి. శాటిన్‌లో ఆ రంగు దొరకదు. దొరికినా మెరుస్తుంది, మెరిసేది ముందుకొచ్చి నిలబడుతుంది. దూరపు కొండ ముందుకొచ్చేస్తే ఇంక లోయెక్కడ?

ఆ రంగులు మన పెట్టెల్లోనే ఉన్నాయి. ఉతికి ఉతికి వెలిసిపోయిన నీలం లంగా దూరపు కొండ. పువ్వుల చీరని తిరగేస్తే వెనక వైపు అచ్చు మసగ్గా ఉంటుంది, అది కాఫీ తోట. తెల్ల గుడ్డని కరక్కాయ నీళ్లలో నానబెడితే ఎండుగడ్డి రంగొస్తుంది. దానికి తుప్పు నీళ్లు తగిలితే బూడిద రంగు, ఇంకా పట్టిస్తే నలుపు. కలంకారీ వాళ్ల నలుపు కూడా ఇలాంటిదే. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద దాంతో రాస్తారు.

"మరి వలిసె పూలు మెరుస్తాయి కదే, వాటికేం చేస్తావు?" అని ఒక అక్క అడిగింది. ఆ మాటకి నాకు రెండు రోజులు జవాబు దొరకలేదు. ఇప్పుడు చెబుతున్నాను. పసుపు ఒక్కటీ కొత్త గుడ్డ పెడదాం, అరచెయ్యంత. చుట్టూ వెలిసిన రంగులుంటే అంత ముక్కే చాలు.

ఇక చేతికుట్టు. పొరలన్నీ కలిపి సూదిని దూస్తూ పోతే గుడ్డ కొంచెం ముడుచుకుని సన్నని అలలు లేస్తాయి. అవే దున్నిన చాళ్లు. కుట్టు పోయే దారి మార్చితే కొండ వాలు మారుతుంది. మిషను కుట్టు స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. తొందరగా అవుతుందన్నది ఒప్పుకుంటాను. కానీ మిషను ఒక్కరే తొక్కాలి, చేత్తో అయితే గుడ్డ చుట్టూ పదిమందిమి కూర్చోవచ్చు.

అసలు మాట ఇంకోటుంది. పాత గుడ్డలంటే మనకి సిగ్గు. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు మా అవ్వ తన చీరలు మూడు కలిపి బొంత కుట్టి ఇచ్చింది. పక్క మంచం పిల్ల దాన్ని పీలికల మూట అంది. అంతే, పెట్టె అడుగున పెట్టేశాను. మార్గశిరం చలికి పళ్లు టకటకలాడుతున్నా తియ్యలేదు. సంక్రాంతికి ఇంటికెళ్తే అవ్వ "బొంత వెచ్చగా ఉందా అమ్మా?" అనడిగింది. ఉందన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

వేరేచోట్ల బొంతకి ఎంత మర్యాద ఉందో చూడండి. బెంగాల్లో కాంథా అని, పాత చీరల మీద ఆ చీర అంచుల్లోంచి లాగిన దారంతోనే బొమ్మలు కుట్టేవారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు చిరిగిన పనిబట్టలతో కుట్టుకున్న బొంతల్ని 2002లో న్యూయార్క్ మ్యూజియంలో గోడలకి కట్టారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వేశారు. ఇంట్లో చలికి కప్పుకోవడానికి కుట్టినవే అవి!

ఇరవై రూపాయలు ఇవ్వలేని వాళ్లు మన గదుల్లోనే ఉన్నారు, పేర్లు రాయను. వెలిసిన గుడ్డ అందరి దగ్గరా ఉంది. ఆదివారం అన్నాలయ్యాక వరండాలో కూర్చుంటాను. నా దగ్గర సూదులు ఆరున్నాయి, దారం ఉన్నవాళ్లు తెండి. నా పాత నీలం లంగా గాలికొండకి కోస్తున్నాను. అవ్వ బొంత మాత్రం కొయ్యను, అది నా మంచం మీదే ఉంది.

- తొమ్మిదో తరగతి విద్యార్థిని