వెలుతురు కొలిచారు, గూడు మరిచారు

1896లో బొంబాయి మాండవీలో ప్లేగు బయటపడింది. ఇరుకు చాళ్లే (వరుస గదుల అద్దె ఇళ్లే) రోగానికి పుట్టిళ్లని దొరలు తేల్చారు. నగరాన్ని బాగుచేసేందుకు 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ వెలిసింది. నాగ్‌పాడాలో గదులు నేలమట్టం చేసింది, శాండ్‌హర్స్ట్ రోడ్డు వేసింది. గాలి ఆడింది, కాదనం. ఆ గదుల్లోని జనం ఏమయ్యారు? మిల్లు కూతకు నడిచి చేరాల్సిన కూలి ఊరవతలికి పోలేడు. పక్క వీధిలో, అప్పటికే నిండిన గదిలో ఇరుక్కున్నాడు. పరిహారం స్థలయజమానికి దక్కింది. అద్దెకున్నవాడికి చిల్లిగవ్వ రాలేదు. జనసమ్మర్దం తగ్గలేదు, వీధి మారిందంతే.

1920ల్లో బొంబాయి గవర్నర్ లాయిడ్ హయాంలో కూలీలకు 50 వేల గదులు కడతామన్నారు. 16 వేల దగ్గర ఆగారు. గది 160 చదరపు అడుగులు. అలా కట్టిన వర్లీ చాళ్లలో అద్దెకు దిగేవాళ్లు కరవయ్యారు. శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో వాటినే జైలుగా వాడుకున్నారు. కట్టినవారికి ఇంతకన్నా కితాబేం కావాలి!

అయినా ట్రస్ట్ ఒక మంచి నిబంధన మిగిల్చింది. గదిలోకి వెలుతురు అరవై మూడున్నర డిగ్రీల కోణంలో పడాలి. అంటే గోడ ఎత్తు ఎదుటి ఖాళీకి రెండింతలు మించకూడదు. ఈ లెక్కతో నేటి ముంబయిని కొలవండి. గోవండి నట్వర్ పారేఖ్ కాంపౌండులో ఏడంతస్తుల పునరావాస భవనాల నడుమ ఎడం సుమారు మూడు మీటర్లు. పాత లెక్కన అక్కడ రెండంతస్తులే లేవాలి. అక్కడి క్షయకూ, గాలీ వెలుతురూ లేకపోవడానికీ లంకె ఉందని ఒక అధ్యయనం చెప్పింది. దొరల నిబంధనల్లో పేదకు పనికొచ్చేదాన్ని వదిలేసి, ఖాళీ చేయించడాన్ని మాత్రం పట్టుకున్నాం!

ఇప్పుడు కామాఠిపురా పునర్నిర్మాణం వంతు. నిజాం రాజ్యం నుంచి వలసపోయి బొంబాయి కట్టడాలకు రాళ్లెత్తిన తెలుగు కూలీల పేరు మీద వెలసిన పేట అది. అదనపు అంతస్తులకు అనుమతులిచ్చి బిల్డరుకు లాభం చూపడమే పథకమైతే మేం ఒప్పుకోం. అద్దెదారుకు పనిచోటుకు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు చేతికిచ్చాకే పాత గోడ కూలాలి. అమ్మకపు ఫ్లాట్ల మధ్య ఎంత ఎడం వదిలితే పునరావాస భవనాల మధ్యా అంతే వదలాలి. ఈ రెండు షరతులు లేని ప్లానును మహారాష్ట్ర ప్రభుత్వం తిప్పి పంపాలి.