నాటకరంగము నుండి చలనచిత్రమునకు: ఒక విద్యార్థి ప్రశ్నకు ప్రత్యుత్తరము

గత క్రిస్మసు పండుగకు మన పాఠశాలలో ప్రదర్శింపబడిన నాటకమున గొల్లవాని వేషము ధరించి యెల్లరను మెప్పించిన పదవ తరగతి బాలుడొకడు, సెలవులు ముగిసిన పిమ్మట మా యొద్దకు వచ్చి, “సార్, అక్కినేని నాగేశ్వరరావు గారు ఎంతవరకు చదివినారు?” అని యడిగెను. ప్రాథమిక విద్యతోనే ఆయన చదువు ఆగిపోయెనని మేము ఉన్నమాట చెప్పితిమి. “అట్లయిన నాకీ పరీక్షలెందుకు సార్?” అని వాడు నవ్వి వెడలిపోయెను. వాని తండ్రి యేటేట మిరపకోతలకు గుంటూరు సీమకు వలసపోయి, కూలి చేసి, వానిని చదివించుచున్నాడు. కావున ఆ నవ్వు మమ్ము చాల దినములు బాధించినది. ఆనాడు చెప్పలేకపోయిన యుత్తరమును ఇచ్చట వ్రాయుచున్నాము.

నాగేశ్వరరావు గారు 1923 సెప్టెంబరు 20వ తేదీన కృష్ణా జిల్లాలో గుడివాడ చేరువనున్న రామాపురమున వ్యవసాయ కుటుంబములో జన్మించిరి. కలిమి లేనందున చదువు సాగలేదు. ఆయన చదువును విడువలేదు. చదువే ఆయనకు దొరకలేదు. ఈ భేదమును మన బాలురు మొట్టమొదట గమనింపవలెను.

పదేండ్ల ప్రాయముననే ఆయన నాటకములలో ప్రవేశించిరి. ఆ దినములలో పెక్కు నాటక సమాజములందు స్త్రీ పాత్రలను పురుషులే ధరించుచుండిరి. ఈ బాలుడును చీర కట్టి, స్త్రీ పాత్రలచేతనే పేరు గడించెను. మగపిల్లవాడు స్త్రీ వలె నడచి, స్త్రీ వలె పలికి, సభవారిని నమ్మింపవలెనన్న తన్ను తాను మఱచి, పరుల నడవడిని ఎంతయో శ్రద్ధతో చూడవలెను. మన బాలురో, క్రిస్మసు నాటకమనగానే హేరోదు రాజు వేషము తప్ప వేఱొకటి వలదందురు!

1941వ సంవత్సరమున ‘ధర్మపత్ని’ యను చిత్రములో ఆయనకొక చిన్న వేషము లభించినది. దానితో తారయైపోలేదు. పిమ్మట విజయవాడ రైలు స్టేషనులో నిర్మాత ఘంటసాల బలరామయ్య గారి కంటబడి, 1944లో విడుదలయిన ‘శ్రీ సీతారామ జననము’న శ్రీరాముని పాత్రను పొందిరి. ఈ వృత్తాంతమంతటిలో మన బాలురకు నచ్చునది ఆ రైలు స్టేషనొక్కటియే. ఎవరో యొకరు తమ్మును చూచి చేయి పట్టుకొని తీసికొనిపోవుదురని వారి యాశ. కాని స్టేషనులో కనబడుట ఒక్క దినపు పని. దాని వెనుక పదేండ్ల రాత్రులున్నవి. చేతి ఫోనులో అరనిముసము అభినయించి, ఎందఱు చూచిరో లెక్కించుకొను నేటి యువకులు ఆ రాత్రులను కూడ లెక్కింపవలెనని మా మనవి.

రంగస్థలమున కడపటి వరుసలోని ముసలివానికి సయితము మాట వినబడవలెను. కెమెరా ముందట కనుబొమ కదలినను చాలును. ఒకచోట నేర్చినదానిని వేఱొకచోట తగ్గించి వాడుట కొత్త చదువు వంటిదే. 1948లో ‘బాలరాజు’, 1953లో ‘దేవదాసు’ చూచినవారికి ఆయన ఆ చదువునెంత శ్రద్ధగా చదివెనో తెలియగలదు.

ఇది కోస్తావారి కథ యని మన సీమవారు తలంపవలదు. 1885లో ‘కీచకవధ’ నాటకముతో సురభి నాటక సమాజము పుట్టినది మన కడప జిల్లాలోని సురభి గ్రామముననే. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించినవారిలో పలువురు ఆ సురభి నటులే. ఇక 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్లారి రాఘవ గారు న్యాయవాది. పగలు కోర్టులో వాదించి, రాత్రి రంగస్థలమున ఖ్యాతి గడించిన ఆ మహానటుడు 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణము’ చిత్రమున నటించునాటికి ఏబదియైదేండ్లు దాటియుండెను. చదువు నటనకు అడ్డమనువారికి రాఘవ గారే సమాధానము. చదువు లేనివాడు నటుడు కాజాలడనువారికి నాగేశ్వరరావు గారు సమాధానము. కావున రెంటికిని విరోధము కల్పించుట యుక్తము కాదు.

ఈ మాట పెద్దలకును చెప్పవలసియున్నది. నాటకములవలన మార్కులు తగ్గునని తలిదండ్రులు కొందఱు, వేషము వేయుట అబద్ధమాడుట వంటిదని సంఘస్థులు కొందఱు, వార్షికోత్సవమున నాటకము మానిపింపవలెనని కోరుచున్నారు. వారి భయము నిరాధారము కాదు. పరీక్షల ముందు అభ్యాసము పెట్టుట మా తప్పే, దానిని దిద్దుకొందుము. కాని తరగతిలో నోరు మెదపని పిల్లవాడు గొల్లవాని కఱ్ఱ పట్టుకొనగానే ఆరువందలమంది యెదుట ధైర్యముగా మాటలాడుటను మేము కన్నులార చూచితిమి. యజమానుడిచ్చిన తలాంతును భూమిలో పాతిపెట్టిన సేవకుని ఉపమానమును ఆదివారము బోధించు మనమే, సోమవారము పిల్లవాని తలాంతును పాతిపెట్టవచ్చునా?

ఇక ఆ బాలునికొక మాట. నాయనా, నాగేశ్వరరావు గారికి 1990వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే బహుమానమును, 2011లో పద్మవిభూషణ బిరుదమును లభించినవి. 2014 జనవరి 22న మరణించువఱకు ఆయన నటన మానలేదు. ‘మనము’ చిత్రము ఆయన గతించిన పిమ్మట విడుదలయినది. ఇవన్నియు నీకు తెలిసియుండవచ్చును. గుడివాడలోని కళాశాలకు ఆయన ధనసహాయము చేసిరనియు, అది ఆయన పేరుతోనే నడచుచున్నదనియు తెలియునా? హైస్కూలు గడప త్రొక్కనివాడు తన కష్టార్జితములో కొంత కళాశాలకెందుకిచ్చెనో ఆలోచింపుము. తనకు దొరకనిదాని వెల ఆయన యెఱుగును. నీకు దొరకినది, దాని వెల మిరపచేలలోనున్న నీ తండ్రి యెఱుగును.

పరీక్షలు వ్రాయుము. ఎచ్చట చదువుచున్నను, వచ్చు క్రిస్మసుకు పాత విద్యార్థిగా మన నాటకమునకు రమ్ము. నీ కొఱకొక వేషము ఉంచెదము. అది హేరోదు వేషము మాత్రము కాదు.