ప్రయాణం శుభప్రదమే, అప్పు మూటతో మాత్రం వద్దు

నాచారం నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ నెల మా ముందుంది. పెళ్లయి ఆరేళ్లు. భర్త పారిశ్రామికవాడలోని ఒక చిన్న కర్మాగారంలో సూపర్‌వైజరు. అత్తగారు వారితోనే ఉంటారు, పుట్టిల్లు ఉప్పల్‌లో. ఈ ఆరేళ్లలో భార్యాభర్తలు కలిసి ఊరు దాటింది బంధువుల పెళ్లిళ్లకే. ఇప్పుడు భర్త ఐదు రోజులు కౌలాలంపూర్ వెళ్లి వద్దామంటున్నారు. ట్రావెల్ ఏజెంటు కొంత సొమ్ము ముందు కట్టించుకుని, మిగతాది పన్నెండు నెలల వాయిదాలలో వడ్డీతో తీర్చే ఏర్పాటు చేస్తానన్నాడు. "ఆ డబ్బేదో హజ్‌కు దాచుకోండి" అంటారు అత్తగారు. "మనకంటూ ఐదు రోజులు కూడా ఉండకూడదా?" అంటారు భర్త. "ఇద్దరినీ నొప్పించలేకపోతున్నాను. విహారయాత్ర దుబారా అవుతుందా? నేను ఎవరి మాట వినాలి?" అని ఆ సోదరి అడుగుతున్నారు.

ప్రియమైన సోదరీ, అస్సలాము అలైకుం.

ముందుగా మీ భర్త కోరిక గురించి. అది తేలికగా తీసిపారేయదగినది కాదు. భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమయిందో, గతించిన జాతుల గతి ఏమయిందో చూడమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రబోధిస్తుంది. దైవప్రవక్త (సల్లం) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు సతీమణుల మధ్య చీటీ వేసి, పేరు వచ్చినవారిని వెంట తీసుకువెళ్లేవారు. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు, ఆమె గెలిచారు. తర్వాత ఎప్పుడో మరో పందెంలో తాము గెలిచి, ఇది దానికి బదులని చమత్కరించారు. సమస్త మానవాళి బాధ్యత భుజాన మోసిన మహనీయులు ఇల్లాలితో ఆడటానికి సమయం కేటాయించారు. కనుక భార్యను వెంటబెట్టుకుని నాలుగు రోజులు సంతోషంగా గడపాలనుకోవడం దుబారా కాదు, దాంపత్య ధర్మంలో భాగమే.

అత్తగారి మాటలోనూ సత్యముంది. అప్పులు, ఇంటి ఖర్చులు, తనపై ఆధారపడినవారి పోషణ పోగా హజ్ ప్రయాణానికి చాలినంత సొమ్ము ఉన్నవారిపై హజ్ విధి అవుతుంది. అంతటి స్తోమత మీకు ఇప్పటికే ఉంటే మొదటి ప్రయాణం మక్కాకే. మీ ఉత్తరాన్ని బట్టి ఆ స్థితి ఇంకా రాలేదు. రానంతవరకు ధర్మసమ్మతమైన చిన్న ప్రయాణం నిషిద్ధం కాదు. అయితే హజ్ సంకల్పాన్ని మరచిపోయి, ఏటా ఒక నగరం చూసి రావడమే అలవాటయితే, ఆ పెద్దావిడ భయం నిజమవుతుంది.

ఇక అసలు చిక్కు మీ ఇద్దరి మధ్యా లేదు, ఆ వాయిదాల కాగితంలో ఉంది. వడ్డీని వదలనివారితో అల్లాహ్, ఆయన ప్రవక్త యుద్ధం ప్రకటించారని అల్ బఖర సూరా హెచ్చరిస్తుంది. మందు కొనలేక, తలదాచుకునే చోటు లేక అల్లాడేవాడి అగత్యం వేరు. విహారానికి అలాంటి అగత్యమేదీ లేదు. మనసు సేదతీర్చుకోవడానికి వెళ్లి, తిరిగి వచ్చాక పన్నెండు నెలలు ఒకటో తారీఖు అంటేనే భయపడే పరిస్థితి తెచ్చుకోవడం ఏ లెక్కన విశ్రాంతి? "సున్నా వడ్డీ" అని చెప్పే పథకాలు కూడా ఉన్నాయి. వాటిలోనూ మొత్తం ధర ముందే తేలిందా, ఆలస్యమయితే అదనంగా గుంజుతారా అన్నది కాగితం మీద చూసి, తెలిసిన ఆలిమ్‌కు చూపించకుండా సంతకం చేయవద్దు.

మీరు చూడబోయే నగరంలోనే మీ ప్రశ్నకు జవాబు నిలబడి ఉంది. కౌలాలంపూర్‌లో జాలాన్ తున్ రజాక్ రహదారిపై, నడుము సన్నగా ఉండి డోలును తలపించే ఎత్తయిన భవనం కనిపిస్తుంది. అది తబుంగ్ హాజీ ప్రధాన కార్యాలయం. దాన్ని మోసే ఐదు స్తంభాలు ఇస్లాం ఐదు మూలస్తంభాలకు గుర్తు. ఒకప్పుడు మలయా పల్లెల్లోని పేద ముస్లింలు వడ్డీకి భయపడి బ్యాంకుల జోలికి పోక, పైసా పైసా ఇంట్లోనే దాచుకునేవారు. అదీ చాలక పొలం, పశువులు అమ్మి హజ్‌కు వెళ్లి, తిరిగి వచ్చాక బతుకుతెరువు లేక అవస్థ పడేవారు. ఇది గమనించిన ఆర్థికవేత్త ఉంగ్కు అజీజ్ 1959లో ఒక ప్రణాళిక రూపొందించారు. సామాన్యులు చిన్న చిన్న మొత్తాలు జమ చేయాలి. ఆ సొమ్మును ధర్మసమ్మతమైన వ్యాపారాలలో పెట్టి లాభాన్ని వారికే పంచాలి. సరిపడా కూడినప్పుడు యాత్రకు బయలుదేరాలి. 1963లో ఆ సంస్థ పని ప్రారంభించింది. ఇల్లు గుల్ల చేసుకోకుండా, వడ్డీ అంటకుండా ప్రయాణం చేయవచ్చని రైతులు, జాలర్లు సాధించి చూపించారు.

ఈ పద్ధతి నాచారంలో మీ ఇంట్లోనూ సాధ్యమే. ఏజెంటు అడిగిన నెల వాయిదా ఎంతో, సరిగ్గా అంతే సొమ్మును ఈ నెల నుండి మీరే పక్కన పెట్టండి. వెళ్లి వచ్చాక పన్నెండు నెలలు కట్టగలిగినవారు, వెళ్లేముందు పన్నెండు నెలలు దాచగలరు కదా! అప్పుడు వడ్డీకి పోవలసిన భాగం మీ చేతిలోనే మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని హజ్ పేర వేరే డబ్బాలో వేయండి. అత్తగారి చేతే వేయించండి. మీ మహర్ ఇంకా బాకీ ఉంటే అదీ అప్పే. విమానం టికెట్టు కంటే ముందు తీరవలసిన అప్పు.

ఏడాది తర్వాత, ఇన్షాఅల్లాహ్, బయలుదేరినప్పుడు ఏం చూడాలి? కౌలాలంపూర్ అంటే బురద నీటి సంగమమని అర్థం. క్లాంగ్, గొంబాక్ నదులు కలిసే ఆ చోటే 1909లో ప్రారంభమైన జామెక్ మసీదు ఉంది. ఆర్థర్ బెనిసన్ హబ్బక్ అనే ఆంగ్లేయ శిల్పి మొగలాయీ కట్టడాల తీరులో దాన్ని రూపొందించాడు. ఆ గుమ్మటాలు హైదరాబాదు కళ్లకు కొత్తగా తోచవు. 1965లో ప్రారంభమైన జాతీయ మసీదు పైకప్పు గొడుగులా ఉంటుంది. మీనార్ ఎత్తు 73 మీటర్లు. సమీపంలోని ఇస్లామీయ కళల మ్యూజియంలో భారతదేశానికి ప్రత్యేక విభాగముంది. 452 మీటర్ల పెట్రోనాస్ జంట గోపురాల పునాది నమూనా రెండు చతురస్రాలు పెనవేసుకున్న ఎనిమిది కోణాల నక్షత్రం. అది ఇస్లామీయ చిత్రకళలో పాత ఆకృతి. భోజనానికి హలాల్ గుర్తు చూసుకుంటే చాలు. నాసి కందార్ రుచి చూడండి. తమిళ ముస్లిం వర్తకులు కావడి భుజాన వేసుకుని అమ్మిన అన్నం, కూరలే దానికి ఆ పేరు తెచ్చాయి. ఓడలెక్కి తోటల పనికి వెళ్లిన మన తెలుగువారి సంతతి కూడా ఆ దేశంలో ఉంది.

నమాజు విషయం. హనఫీ విధానం ప్రకారం పదిహేను రోజుల కంటే తక్కువ ఉండే బాటసారి జుహ్ర్, అస్ర్, ఇషాలలో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. స్థానిక ఇమాము వెనుక నిలబడితే పూర్తిగా చేయాలి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. దిగగానే వేళలు సరిచూసుకోండి. ప్రయాణికుడి దుఆ తిరస్కరించబడదని హదీసు చెబుతుంది. ఫోటోల కోసం నిలబడినంత సేపయినా ఆ దుఆ కోసం కూర్చోండి. తీసిన ప్రతి ఫోటో స్టేటస్‌లో పెట్టనక్కరలేదు. ఆ ఐదు రోజులు మీ ఇద్దరివి.

ఈ ఏడాదంతా ఎదురుచూస్తూ కూర్చోమని కాదు. ఉప్పల్ నుండి వరంగల్ రహదారి పట్టుకుంటే భువనగిరి చేరతారు. ఏకశిల గుట్ట మీద ఆ కోట వందల ఏళ్లుగా నిలిచి ఉంది. ఒక ఆదివారం రొట్టెలు మూట కట్టుకుని ఇద్దరే వెళ్లి రండి. ఆ పూట అత్తగారిని చూసుకోవడానికి ఉప్పల్ నుండి అమ్మగారిని పిలవవచ్చు. వియ్యపురాళ్లిద్దరికీ కబుర్లు చెప్పుకునే వీలు కలుగుతుంది.

కాబట్టి సోదరీ, ఎవరి మాట వినాలని ఆందోళన వద్దు. భర్త మాటలోని ప్రేమను, అత్తగారి మాటలోని దైవభీతిని రెండింటినీ స్వీకరించండి. కాదనవలసింది వడ్డీని మాత్రమే. ఈ ఉత్తరాన్ని దాచకుండా ముగ్గురూ కలిసి చదవండి. అల్లాహ్ మీ సంపాదనలో శుభాన్ని, మీ దాంపత్యంలో ప్రశాంతతను ప్రసాదించుగాక! చిన్న ప్రయాణాల తర్వాత ఆ పెద్ద ప్రయాణాన్ని మీ ముగ్గురికీ కలిపి అనుగ్రహించుగాక! ఆమీన్.